పెరట్లో గన్నేరు – ఇంటి కుక్కకు, పాడి పశువుకు క్షేమమేనా?

రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు వెళ్ళే జాతీయ రహదారి మీద కడియపులంక వచ్చేసరికి బస్సులో కూర్చున్నవారందరి తలలు కిటికీల వైపు తిరుగుతాయి. రోడ్డుకు రెండు వైపులా నర్సరీలే. కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు, గేటు ముందు నాలుగు పూలమొక్కలు ఉంటే బాగుంటుందనుకునేవారు, మందిరం ఆవరణలో పచ్చదనం కావాలనుకునే సంఘాలవారు అందరూ కడియం మండలానికే వస్తారు. మొక్క కొనేటప్పుడు మనం సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతాం. ధర ఎంత? పువ్వు ఏ రంగు? నీళ్ళు రోజూ పోయాలా?

అడగవలసిన నాలుగో ప్రశ్న ఒకటి ఉంది. "మా ఇంట్లో కుక్క ఉంది, పక్కనే గేదె ఉంది, పాకే బిడ్డ ఉన్నాడు. ఈ మొక్క వాళ్ళకు క్షేమమేనా?" ఈ ప్రశ్న అడిగేవారు చాలా తక్కువ. అందుకే ఈ సంచికలో మన ప్రాంతంలో దాదాపు ప్రతి వీధిలోనూ కనిపించే ఒక మొక్కను తీసుకుని ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలనుకున్నాం. ఆ మొక్క గన్నేరు.

గన్నేరును అందరూ ఎందుకు వేసుకుంటారో మనకు తెలుసు. నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది. ఏడాది పొడవునా పూస్తుంది. ఎండకు, దుమ్ముకు తట్టుకుంటుంది కనుక జాతీయ రహదారుల మధ్యలో వరుసగా నాటుతారు. అన్నిటికన్నా పెద్ద సుగుణంగా చెప్పుకునేది, దాన్ని మేకలు కూడా ముట్టవని. మేక ముట్టని ఆకు లోకంలో చాలా తక్కువ. అలాంటి మేక ఒక ఆకును వదిలిపెట్టిందంటే దానికి కారణం ఏమిటని మనం ఆలోచించాలి.

జవాబు ముందే చెబుతున్నాం. గన్నేరు క్షేమమైన మొక్క కాదు. ఆకు, పువ్వు, కాయ, కొమ్మ, వేరు, పాలు అన్నిటిలోనూ గుండెను దెబ్బతీసే విషం ఉంది. అయితే ప్రమాదం మనం అనుకునే చోట నుంచి కాక వేరొక చోట నుంచి వస్తుంది. ఆ సంగతి అర్థం చేసుకుంటే ముప్పును చాలావరకు తప్పించవచ్చు.

పేరులోనే హెచ్చరిక

గన్నేరుకు సంస్కృతంలో కరవీరం అని పేరు. అమరకోశంలో దీనికి హయమారకం అనే మరో పేరు కూడా ఉంది. హయం అంటే గుర్రం. హయమారకం అంటే గుర్రాన్ని చంపేది. ఆ పేరు పెట్టినవారికి ఈ మొక్క పశువును ఏం చేస్తుందో బాగా తెలుసునన్నమాట. ఈ మాట కొత్తగా ఎవరో కనిపెట్టి మనల్ని భయపెట్టడానికి చెబుతున్నది కాదు. మన పెద్దలకు తెలిసిన సంగతే. మనం మరచిపోయాం, అంతే.

గన్నేర్లు ఎన్ని రకాలు?

మన భాషలో గన్నేరు అనే మాట నాలుగు వేర్వేరు మొక్కలకు వాడతాం. ప్రమాదం అన్నిటికీ ఒకేలా ఉండదు కనుక వీటిని విడివిడిగా గుర్తుపట్టాలి.

మొదటిది గన్నేరు. పొడవాటి సన్నని ఆకులు, చాలా చోట్ల ఒక కణుపు దగ్గర మూడేసి ఉంటాయి. పువ్వులు గులాబి, తెలుపు, ఎరుపు రంగుల్లో, ఒంటిరేకుగానూ ముద్దగానూ పూస్తాయి. నర్సరీలలో దీన్ని నీరియం అని అమ్ముతారు. కుండీలో పెంచే పొట్టి రకాలు కూడా ఉన్నాయి. రంగు ఏదైనా, ఎత్తు ఎంతైనా విషం మాత్రం ఉంటుంది.

రెండోది పచ్చ గన్నేరు. ఆకులు ఇంకా సన్నగా, నిగనిగలాడుతూ ఉంటాయి. పసుపుపచ్చని పువ్వు గరాటు ఆకారంలో ఉంటుంది. ఆకుపచ్చని కాయ, దాని లోపల గట్టి టెంక ఉంటాయి. విషం అన్ని భాగాల్లో ఉన్నా గింజలో మరీ ఎక్కువ. పొరుగునున్న శ్రీలంకలో 1980ల నుంచి ఈ గింజల విషంతో వేలాది మందిని ఆసుపత్రులకు తీసుకువచ్చారు. కాయలు రాలి నేల మీద దొర్లుతుంటాయి కనుక పిల్లలకు, కుక్కపిల్లలకు ఆటవస్తువులవుతాయి. అందుకే పెంపుడు జంతువులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఈ చెట్టు అసలే వద్దు.

మూడోది బిళ్ళ గన్నేరు. అడుగు, రెండడుగుల ఎత్తులో గులాబి, తెలుపు రంగు పువ్వులతో గోడ పగుళ్ళలో కూడా మొలుస్తుంది. దీని విషం వేరు, పనిచేసే తీరు కూడా వేరు. క్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందులు దీని నుంచే వచ్చాయి. కుక్కల జననాంగాల దగ్గర వచ్చే ఒక రకం కంతికి పశువైద్యులు ఇచ్చే ఇంజెక్షను కూడా ఈ విన్‌క్రిస్టినే. కొలిచి ఇస్తే మందు. అదే కుక్క మొక్కను నమిలి మింగితే వాంతులు, విరేచనాలు, వణుకు, ఫిట్స్ రావచ్చు.

నాలుగోది దేవ గన్నేరు. మందిరాల ఆవరణల్లో, సమాధుల తోటల్లో కనిపించే పెద్ద చెట్టు. దీని పాలు చర్మానికి, నోటికి మంట కలిగిస్తాయి. తిన్న జంతువుకు చొంగ, వాంతి రావచ్చు. మొదటి రెండు రకాలంత ప్రాణాంతకమైనది కాదు.

ఈ మధ్య బాగా అమ్ముడుపోతున్న అడీనియం కూడా ఈ కుటుంబానిదే. దుంపలాంటి మొదలుతో, గులాబి రంగు పువ్వులతో కుండీలో ముచ్చటగా ఉంటుంది. కొందరు ఎడారి గులాబి అంటారు. ఆఫ్రికాలో దీని రసాన్ని బాణాల కొనలకు విషంగా పూసేవారు. గన్నేరు మాదిరిగానే ఇది గుండె మీద పనిచేస్తుంది. కుండీ నేల మీద ఉంటుంది కనుక కుక్కపిల్ల నోటికి అందుతుంది. దాన్ని అందని ఎత్తులో పెట్టాలి.

విషం ఎలా పనిచేస్తుంది?

మన పాఠకుల్లో గుండె జబ్బుకు డిజాక్సిన్ బిళ్ళ వేసుకునేవారు కొందరున్నారు. ఆ బిళ్ళలో ఉండే మందు పావు మిల్లీగ్రాము మాత్రమే. అయినా డాక్టరు ఎంత జాగ్రత్త చెబుతారో మీకు తెలుసు. కొందరికి వారంలో అయిదు రోజులు వేసుకుని రెండు రోజులు ఆపమంటారు. వాంతి వచ్చినట్టు ఉన్నా, కళ్ళకు పచ్చగా కనబడినా, నాడి నెమ్మదించినా వెంటనే రమ్మంటారు. ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే వైద్యుడు ఒళ్ళు నీరు పట్టిన రోగులకు ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకు పనిచేస్తుందని 1785లో పుస్తకం రాశాడు. డిజాక్సిన్ ఆ మొక్కల జాతి నుంచి వచ్చిన మందే. గన్నేరులోని ఒలియాండ్రిన్ కూడా అదే తరగతికి చెందిన పదార్థం.

గుండె కండరంలోని ప్రతి కణమూ సోడియాన్ని బయటకు, పొటాషియాన్ని లోపలికి ఏతాం తోడినట్టు నిరంతరం తోడుతూ ఉంటుంది. గన్నేరు విషం ఆ ఏతాన్ని ఆపేస్తుంది. అప్పుడు గుండె లయ తప్పుతుంది. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి వేగంగా కొట్టుకుంటుంది. చివరకు ఆగిపోతుంది. మనిషి గుండె అయినా, కుక్క గుండె అయినా, ఆవు గుండె అయినా ఈ విషయంలో తేడా లేదు.

నిలబడిన చెట్టు కంటే నరికిన కొమ్మే ప్రమాదం

ఈ వ్యాసంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఈ మాటను గుర్తుంచుకోండి.

పచ్చి గన్నేరు ఆకు చేదు. మేత దొరుకుతున్న పశువు దాని జోలికి సాధారణంగా పోదు. అందుకే "మా గేదెను పదేళ్ళుగా ఆ చెట్టు పక్కనే కడుతున్నాం, ఏమీ కాలేదు" అని చాలామంది అంటారు. వారు చెప్పేది నిజమే. కాని కొమ్మ నరికి పడేశాక సంగతి మారిపోతుంది. ఆకు వాడి ఎండుతున్నకొద్దీ చేదు తగ్గి పశువు తినడానికి వీలవుతుంది. విషం మాత్రం తగ్గదు. ఆ ఎండు ఆకులు గడ్డిలో కలిస్తే ఏరి పక్కన పెట్టడం పశువుకు చేతకాదు.

ఇటలీలో సరిగ్గా ఇదే జరిగింది. కత్తిరించిన గన్నేరు కొమ్మలు ఎండి, పొరపాటున పశువుల మేతలో కలిశాయి. ఒకే పాడిశాలలో 50 ఆవులు జబ్బుపడ్డాయి. నాలుగు రోజుల్లో 13 చనిపోయాయి. ఈ సంగతిని అక్కడి పరిశోధకులు 2020లో ప్రచురించారు. జబ్బుపడిన ఆవుల పాలలోనూ, ఆ పాలతో చేసిన జున్నుగడ్డలోనూ విషం ఆనవాళ్ళు దొరికాయని కూడా వారు రాశారు.

మనకు దగ్గరలో కేరళ ఉంది. అక్కడ గన్నేరును అరళి అంటారు. 2024లో అలప్పుళ జిల్లాకు చెందిన ఒక యువ నర్సు చనిపోయినప్పుడు ఆమె అరళి ఆకు నమలడమే కారణమనే అనుమానం వ్యక్తమైంది. ఆ రోజుల్లోనే పత్తనంతిట్ట జిల్లాలో ఒక ఆవు, దాని దూడ అరళి ఆకులు తిని చనిపోయినట్టు వార్తలు వచ్చాయి. అదే ఏడాది మే నెలలో ట్రావంకూర్ దేవస్వం బోర్డు తన ఆలయాల్లో నైవేద్యానికి, ప్రసాదానికి అరళి పువ్వు వాడవద్దని నిర్ణయించింది. ఎంతో కాలంగా వాడుతున్న పువ్వునే పక్కన పెట్టారంటే విషయం ఎంత గట్టిదో ఆలోచించండి.

మన డెల్టాలో ఈ ప్రమాదం పెరిగే సమయాలు కొన్ని ఉన్నాయి. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసే వేసవిలో పచ్చిమేత దొరకదు. ఎండుగడ్డి తిని విసిగిన పశువు ఏ పచ్చని ఆకు కనబడినా మూతి పెడుతుంది. గోదావరికి వరద వచ్చినప్పుడు లంక గ్రామాల పశువులను ఏటిగట్ల మీదకు, రోడ్ల పక్కకు తోలుకువచ్చి కట్టేస్తారు. ఆకలితో ఉన్న పశువు అక్కడ ఏ మొక్క అందితే దాన్ని పీకుతుంది. పండుగలకు ముందు వీధులు, మందిరం ఆవరణ శుభ్రం చేసి కొమ్మలు ఒక మూల పోగు వేస్తారు. నవంబరులో సమాధుల తోట బాగుచేసినప్పుడు కూడా అంతే. మర్నాడు ఆ పోగు దగ్గరకు మేకలు వస్తాయి. అది ఎవరి మేక అయినా ఒక పేద కుటుంబానికి అదే బ్యాంకు ఖాతా అని మరువకండి.

ఎంత తింటే ప్రమాదం?

పెద్ద ఆవుకో గుర్రానికో 10 నుంచి 20 ఆకులు చాలని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. గుప్పెడు ఆకులన్నమాట. మేకకు, దూడకు అంతకంటే తక్కువ చాలు. కుక్కకు, పిల్లికి ఇన్ని ఆకుల వరకు పర్వాలేదని చెప్పే లెక్క ఏదీ లేదు. కనుక ఒక్క ఆకు నమిలినా తేలిగ్గా తీసుకోవద్దు. కుక్కల్లో ఎక్కువగా ప్రమాదంలో పడేవి పళ్ళు వచ్చే వయసులో ఉన్న పిల్లలు. వాటికి ఏ పుల్ల దొరికినా కొరకడమే పని. కుక్కకు విసిరి ఆడించే కర్ర గన్నేరు కర్ర కాకుండా చూసుకోండి. గన్నేరు పువ్వులు పెట్టిన నీళ్ళలోకి కూడా విషం దిగుతుంది. ఆ గిన్నెలో నీళ్ళు పిల్లి గాని కుక్క గాని తాగకుండా చూడాలి.

గుర్తించవలసిన లక్షణాలు

తిన్న కొద్ది గంటల్లో లక్షణాలు మొదలవుతాయి.

కుక్క, పిల్లి: నోటి నుంచి చొంగ కారడం, పదేపదే వాంతి, కడుపు నొప్పితో ముడుచుకుపోవడం, విరేచనాలు, కొన్నిసార్లు రక్తంతో కలిసి రావడం. ఆ తరువాత నీరసం, నడకలో తూలడం, కాళ్ళు చల్లబడడం, వణుకు. ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె మరీ నెమ్మదిగా గాని, తప్పి తప్పి గాని కొట్టుకోవడం తెలుస్తుంది.

ఆవు, గేదె, మేక: మేత మానేయడం, నెమరు ఆగిపోవడం, పల్చని పేడ, ముక్కు వెంట నీరు, దిగులుగా తల వేలాడేయడం, నడవలేక పడిపోవడం. కొన్నిసార్లు ఏ లక్షణమూ మన కంట పడకుండానే తెల్లవారేసరికి చనిపోయి ఉంటుంది. అలాంటప్పుడు పాము కరిచిందనో, ఎవరో గుళికల మందు పెట్టారనో అనుమానిస్తాం. దాంతో ఇరుగుపొరుగుల మధ్య తగాదాలు కూడా వస్తాయి. ముందు కట్టుకొయ్య చుట్టూ, గాటిలో, పెంటపోగు మీద గన్నేరు ఆకులు ఉన్నాయేమో చూడండి.

తిన్నదని అనుమానం వస్తే

చేయవలసినవి:

1. నోట్లో మిగిలిన ఆకును తీసేయండి. కుక్క తెలివిగా ఉంటే నోటిని నీళ్ళతో కడగండి. కరవకుండా జాగ్రత్తపడండి.

2. మిగతా జంతువులను, పిల్లలను ఆ చోటు నుంచి దూరంగా తీసుకువెళ్ళండి.

3. లక్షణాలు వచ్చేదాకా ఆగకుండా వెంటనే పశువైద్యుడిని సంప్రదించండి. మన రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

4. ఆ మొక్క కొమ్మ ఒకటి సంచిలో వేసి తీసుకువెళ్ళండి. ఏ సమయానికి, ఎంత తిన్నదో చెప్పండి. వైద్యుడికి సగం పని తగ్గుతుంది.

5. జంతువును పరుగెత్తించకండి, నడిపించకండి. కుక్కను ఎత్తుకుని తీసుకువెళ్ళండి. అలసట గుండెకు మరింత భారమవుతుంది.

చేయకూడనివి:

1. ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించవద్దు. ఎక్కువ ఉప్పు కూడా కుక్కకు విషమే. వాంతి చేయించాలా వద్దా అన్నది వైద్యుడు నిర్ణయించాలి.

2. పాలు, నెయ్యి, నూనె, చింతపండు రసం గొట్టంతో పోయవద్దు. నీరసంగా ఉన్న పశువుకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విషం చంపకముందే అది చంపుతుంది.

3. పొయ్యిలోని బొగ్గు నూరి పెట్టవద్దు. వైద్యులు ఇచ్చే బొగ్గు మందు ప్రత్యేకంగా తయారుచేసినది. దానికి, వంటబొగ్గుకు పోలిక లేదు.

4. పడిపోయిన ఆవుకు కాల్షియం ఎక్కించమని ఒత్తిడి చేయవద్దు. ఈనిన ఆవు పడిపోతే కాల్షియం తగ్గిందని మనవాళ్ళు అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కాని గన్నేరు తిన్న పశువుకు కాల్షియం గుండెను ఇంకా చెడగొట్టవచ్చు. అందుకే సూది వేయకముందే గన్నేరు సంగతి వైద్యుడికి చెప్పండి.

వైద్యుడు బొగ్గు మందు ఇస్తారు. గుండె నెమ్మదిస్తే అట్రోపిన్ ఇస్తారు. రక్తంలో పొటాషియం ఎంత ఉందో చూస్తారు. పశువుకు అవసరమైతే పొట్ట కోసి మేతను బయటకు తీస్తారు. విషానికి నేరుగా విరుగుడుగా పనిచేసే ఇంజెక్షను ఒకటి ఉంది గాని చాలా ఖరీదైనది, అన్ని చోట్లా దొరకదు. అందుకే త్వరగా వెళ్ళడమే మన చేతిలో ఉన్న మంచి మందు.

పాలు, మాంసం సంగతి

గన్నేరు తిన్న ఆవు బతికి బయటపడితే దాని పాలు వెంటనే వాడవద్దు. దూడకు కూడా తాగనివ్వవద్దు. ఎన్నాళ్ళు ఆపాలో పశువైద్యుడు చెబుతారు. కాస్తే పోతుందిలే అనుకోవద్దు. కాచడం క్రిములను చంపుతుంది, ఈ విషాన్ని తీసివేయదు. చనిపోయిన పశువు మాంసం ఎవరూ తినకూడదు, కుక్కలకు వేయకూడదు. ఊరికి దూరంగా లోతుగా పూడ్చిపెట్టండి.

కడియం నుంచి తెచ్చే మరికొన్ని మొక్కలు

సైకాస్: మొదలు చుట్టూ ఈకల్లాంటి గట్టి ఆకులు ఉంటాయి. పెళ్ళి మండపాలకు, మందిరంలో అలంకరణకు ఈ ఆకులు వాడతాం. గన్నేరు చేదు కనుక కుక్క కొంత ఆలోచిస్తుంది. సైకాస్‌ను మాత్రం కుక్కలు ఇష్టంగా నములుతాయి. గింజలు మరీ ప్రమాదం, ఒకటి రెండు చాలు. మొదట వాంతులు, రెండు మూడు రోజుల్లో కామెర్లు, కాలేయం పాడవడం. తేరుకున్నట్టు కనబడినా పరీక్ష చేయించాలి.

డిఫెన్‌బేకియా, మనీ ప్లాంట్: పచ్చి కంద, చేమ తింటే నోరు ఎందుకు దురదపెడుతుందో వీటికీ అదే కారణం. కంటికి కనిపించని సూదుల్లాంటి స్ఫటికాలు నోట్లో గుచ్చుకుంటాయి. నోరు వాచి చొంగ కారుతుంది. చాలావరకు ప్రాణాపాయం ఉండదు. నోరు కడిగి చల్లని నీళ్ళు పెట్టండి. ఊపిరి కష్టమైతే వైద్యుడి దగ్గరకు వెళ్ళండి.

లిల్లీ పూలు: పెళ్ళి బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలు పిల్లుల మూత్రపిండాలను పాడుచేస్తాయి. పువ్వు పుప్పొడి ఒంటికి అంటుకుంటే నాకినా చాలు. పిల్లి ఉన్న ఇంటికి ఈ బొకే తేవద్దు. మనం దండలో కట్టుకునే లిల్లీ, అంటే తెల్లని సువాసన పువ్వుల రజనీగంధ, ఈ జాతి కాదు.

మరి నిశ్చింతగా వేసుకోదగినవి లేవా? ఉన్నాయి. గులాబి, మల్లె, మన పెరటి ఎర్ర మందారం, అరికా పామ్ కుక్కలకు, పిల్లులకు విషం కావు. అయితే వాటి మీద చల్లిన పురుగుమందు విషమే. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను కొన్నాళ్ళు జంతువులకు దూరంగా ఉంచండి.

కొన్ని ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: కుక్కలు గన్నేరు చెట్టు నీడలో పడుకుంటాయి. ప్రమాదమా?
జవాబు: నీడ వల్ల, వాసన వల్ల ఈ విషం ఎక్కదు. తింటేనే ప్రమాదం. కింద రాలిన ఆకులు, కాయలు రోజూ ఊడ్చేయండి.

ప్రశ్న: పువ్వులు కోస్తే మనకేమైనా అవుతుందా?
జవాబు: కోసినంత మాత్రాన ప్రమాదం లేదు. పాలు అంటితే కొందరికి దురద వస్తుంది. కళ్ళు నలుపుకోకుండా, అన్నం తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. గన్నేరు పుల్లతో పళ్ళు తోముకోవద్దు.

ప్రశ్న: బిడ్డ గన్నేరు ఆకు నోట్లో పెట్టుకున్నాడు. ఇంట్లో ఏం చేయాలి?
జవాబు: నోట్లోది తీసి, నోరు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించవద్దు. బిడ్డ ఆడుకుంటూ హుషారుగా ఉన్నా ఈసీజీ తీసి కొన్ని గంటలు గమనించవలసి ఉంటుంది.

ప్రశ్న: బిళ్ళ గన్నేరు ఆకులు నమిలితే షుగరు తగ్గుతుందంటారు. నిజమేనా?
జవాబు: పరగడుపున ఆ ఆకు నమిలేవారు మన ఊళ్ళలో ఉన్నారు. దయచేసి మానండి. ఏ ఆకులో ఎంత మందు ఉందో, ఎంత విషం ఉందో కొలవలేం. మీ షుగరు బిళ్ళతో కలిసి ఏం చేస్తుందో చెప్పలేం. అలాగే డిజాక్సిన్ వాడుతున్నవారు గన్నేరు వేరుతో చేసిన నాటుమందులు అసలే తీసుకోవద్దు. ఒకే రకం విషం రెండు వైపుల నుంచి ఎక్కుతుంది.

మన పెరట్లో, మన ఆవరణలో

ఇదంతా చదివి గొడ్డలి పట్టుకుని వీధిలోని గన్నేర్లన్నీ నరకవలసిన పనిలేదు. అలా ఒక్కసారి నరికి పడేస్తేనే ఎక్కువ ప్రమాదమని పైన చెప్పాం. ఈ కొద్ది జాగ్రత్తలు చాలు.

• పాడి పశువు, మేక, కుక్కపిల్ల, అయిదేళ్ళలోపు పిల్లలు ఉన్న ఇంట్లో కొత్తగా గన్నేరు గాని పచ్చ గన్నేరు గాని నాటవద్దు.

• ఇప్పటికే ఉన్న చెట్టుకు, పశువుల పాకకు మధ్య దూరం ఉండాలి. తాడు పొడవు చూసి కట్టుకొయ్య పాతండి. ఆకు గాలికి ఎగిరి గాటిలో పడకూడదు.

• కొమ్మలు కత్తిరించిన రోజే ఆకులతో సహా ఏరి, పశువులు తవ్వలేనంత లోతు గుంటలో పూడ్చండి. పెంటపోగు మీద, రోడ్డు పక్కన, కాలువలో, చెరువులో వేయవద్దు. తగలబెట్టవద్దు, పొగ కూడా హాని చేస్తుంది. వంటచెరుకుగా వాడవద్దు.

• గడ్డి కోసుకువచ్చే కూలివారికి, పాలేరుకు ఈ మొక్కను చూపించి చెప్పండి. గన్నేరు కంచె పక్కన గడ్డి కోసినప్పుడు మోపు విప్పి చూసి వేయమనండి.

• మందిరం ఆవరణ, సమాధుల తోట శుభ్రం చేసే యువకులకు కొమ్మలు ఎక్కడ పూడ్చాలో పని మొదలుపెట్టే ముందే చూపించండి.

• నర్సరీలో నాలుగో ప్రశ్న అడగండి. కడియం నర్సరీలవారికి మొక్కల సంగతి మనకంటే బాగా తెలుసు. అడిగితే చెబుతారు.

మనిషికి నొప్పి వస్తే నోరు విప్పి చెప్పగలడు. గాట్లో కట్టేసిన ఆవు మనం వేసింది తింటుంది, కట్టిన చోట ఉంటుంది. అది తినేదాన్ని ఒకసారి చేత్తో విదిలించి చూసి వేయడానికి పట్టేది అర నిమిషం. ఈ సాయంత్రం గడ్డి వేసేటప్పుడు ఆ అర నిమిషం తీసుకోండి.